ఒక ముడి నలుపు, రెండు ముడులు నేవీ బ్లూ

కొట్టులో, గల్లా బల్ల దగ్గర
మార్చి 9, మధ్యాహ్నం

ఒసేయ్ కత్తెరా,

ఎలా ఉన్నావే? ముందు తిట్టేయ్, తర్వాత చదువు. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటిపోయింది, తెలుసు. రోజూ ఫోను తీసి రాద్దామనుకోవడం, రోజూ ఎవరో ఒకరు జిప్పు పోయిందంటూ రావడం. పైగా కొట్టంతా తిరగేసి సర్దుతున్నా. నువ్వు మిషను ఎత్తుకుని వెళ్లాక వరండాలో పేరుకున్న అట్టపెట్టెలు కూడా తీయించేశా. ఇప్పుడు అక్కడ ఖాళీ. ఒక కుర్చీ వేశాను గానీ ఎవరూ కూర్చోరు. పదకొండేళ్లు నువ్వు బయట కుడుతూ, నేను లోపల దారాలు అమ్ముతూ, మధ్యలో గోడ లేనట్టే అరుచుకున్నాం కదా. ఇప్పుడు అరిస్తే రోడ్డు మీద పోయేవాళ్లు తిరిగి చూస్తున్నారు.

సర్దడం గురించి విను. ఎడమ గోడకి గుండీలు, కుడి గోడకి దారాలు, గల్లా వెనక జిప్పులు, కింద అరల్లో లైనింగు. ఇంకో గొప్ప సంగతి, ప్రతి దారపు రీలుకీ వేలాడే కొసకి ముడులు వేస్తున్నా. ఒక ముడి అయితే నలుపు. రెండు నేవీ బ్లూ. మూడు ముదురు గోధుమ. తెలుపుకి ముడే లేదు. ఎరుపులకి ముడి కాదు, చిన్న ఉచ్చు. కరెంటు పోయినా, కళ్లజోడు ఎక్కడో పెట్టి మర్చిపోయినా, వేలితో తడిమి తీసిచ్చేయొచ్చు. నాలుగు వందల పైచిలుకు రీళ్లే! సగం అయ్యాయి.

మా అత్తయ్య నన్ను చూసి, "నా మోకాళ్లకి కూడా ఓ ముడి వెయ్యవే, ఏది నొప్పిదో వైద్యుడికి చెప్పక్కర్లేకుండా తెలుస్తుంది" అంటోంది. ఆవిడకి రెండు కళ్లలోనూ శుక్లాలు, ఆపరేషను మాటెత్తితే మంచం ఎక్కేస్తుంది. నోరు మాత్రం స్పష్టంగా ఉంది.

నాకు కూడా ఈమధ్య కొంచెం మసక. డాక్టరమ్మ ఏవో చుక్కలు రాసిచ్చింది. నలభై ఏడు దాటాక ఏదో ఒకటి అరుగుతుంది కదా, కంగారు పడకు. కానీ ముందు జాగ్రత్త మంచిది. ఆదివారాలు కొట్టు కట్టేసి, కళ్లకి తువ్వాలు కట్టుకుని, ఎవరో అడిగినట్టు నాకు నేనే అడుగుతున్నా. "అమ్మా, కోటు గుండీలు ఓ డజను, నాలుగు కన్నాలవి." టక్కున తీస్తా. మొన్న ఒక్క కాలరులో వేసే బకరం బట్ట దగ్గరే తడబడ్డాను, అది అత్తయ్య దుప్పటి అనుకుని మడత పెట్టేశా.

నీకు తొమ్మిది రీళ్లు పార్సిలు పంపాను. మీ హాస్టలు వార్డెనమ్మ కోటుకి నలుపు కావాలన్నావుగా, ఒక ముడివి నాలుగున్నాయి, చూసుకో.

నీ కాంట్రాక్టు అక్టోబరుకి అయిపోతుంది కదా. ఈలోపు ఓ వారం రాలేవా? వానలు మొదలవకముందే అయితే బాగుంటుంది. ఊరికే అడుగుతున్నా. నిన్ను చూడాలనుంది, అంతే. ఊఁ అను, పై గది కడిగిస్తా.

నీ
గుండీ


హాస్టలు, మూడో అంతస్తు, పై మంచం
మార్చి 27

గుండీ,

తిట్టాను. సరిపోలేదు, మిగతాది ఎదురుగా.

పార్సిలు ఇంకా రాలేదు. ఇక్కడ పని మామూలే. రోజుకి మా లైనులో నూట అరవై లైఫ్ జాకెట్లు. నాది భుజం పట్టీ. పట్టీకి నాలుగు వరసలు, మధ్యలో అడ్డగీత, కొసలో వెనక్కి కుట్టు. చెకింగు ఆయన వందకి ఒకటి లాగి, ఇసుక మూట కట్టి నీళ్ల తొట్టిలో పడేస్తాడు. రోజంతా తేలితే వందా లారీ ఎక్కుతాయి. మునిగితే వందా విప్పి మళ్లీ కుట్టాలి. ఆ మూట తేలుతుంటే మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ అందరం ఆగి చూస్తాం, మన పిల్లే ఈత కొడుతున్నట్టు.

కొత్తగా చేరినామె అడిగింది, "అక్కా, ఇవి ఎవరికైనా ఎప్పుడైనా పనికొస్తాయా?" అని. "పనికిరాకుండానే పాతబడి పోవాలనే కుడతామమ్మా" అన్నాను. బాగా చెప్పానా? నాకే బాగా అనిపించి రెండుసార్లు చెప్పాను.

నీ ముడుల సంగతి మాత్రం నాకు నచ్చలేదు. కరెంటు లేకపోతే కొవ్వొత్తి వెలిగిస్తారు, నాలుగు వందల ముడులు వెయ్యరు. మసక అన్నావు. ఎంత మసక? నేనొచ్చి నిలబడితే గుర్తుపట్టేంతా, పట్టనంతా?

సెలవు ఇప్పుడు దొరకదే. పెద్ద ఆర్డరు నెత్తిమీదుంది. నాకూ రావాలనే ఉంది. ఇక్కడ పక్కమంచాల వాళ్లు మంచివాళ్లే, కానీ నేను తిడితే బాధపడతారు. తిడితే నవ్వే మనిషి ఒక్కరూ లేరు. అక్టోబరు సంగతి చూద్దాం.

కత్తెర


కొట్టులో
మే 2, సాయంత్రం

కత్తెరా,

గుర్తుపట్టకపోవడమేమిటే! నీ నడక చాలు. మేకు గుచ్చుకున్నట్టు ఎడమ కాలు ఓ పిసరు ఆపి వేస్తావు. రోడ్డు మలుపు దగ్గర ఉండగానే చెప్పేస్తా.

అన్నిటికంటే ముందు ఈ కబురు విను. పెద్ద దర్జీ వచ్చాడు, అదే, వీధి చివర మేడ మెట్ల కింద కుట్టే ముసలాయన. బడి పిల్లల ప్యాంట్లు నలభై, నేవీ బ్లూ, ఆరు రీళ్లు కావాలన్నాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. "ఉండమ్మా, వచ్చాక తీద్దువు గానీ" అన్నాడు. నేను వెనక్కి తిరిగి కూడా చూడలేదు. చెయ్యి పోనిచ్చి, రెండు ముడులు తడుముకుని, ఆరు తీసి బల్ల మీద పెట్టా. ఆయన నోరు తెరుచుకుని, "వేళ్లకి కళ్లున్నాయా ఏంటి తల్లీ" అన్నాడు. ఆ రోజంతా కాళ్లు నేల మీద లేవు నాకు. ముడులన్నీ అయిపోయాయి తెలుసా? మెట్లు కూడా లెక్కపెట్టేశా, పదిహేడు. తాళాల గుత్తిలో కొట్టు తాళానికి గుడ్డపీలిక చుట్టా. ఇక ఏమొచ్చినా రానీ, నేను తయారు.

"చూద్దాం" అన్నావు అక్టోబరుకి. నీ చూద్దాం నాకు కొత్తా? బట్ట తెచ్చినవాళ్లకి రేపు చూద్దాం అన్నావంటే వారం. ఏదో దాస్తున్నావు. దాచుకో, నేను అడగను. అడగనంటే అడగను. ఏంటి అది?

నాలుగింటికి టీ రెండు గ్లాసుల్లో పోసేస్తున్నా ఇప్పటికీ. రెండోది అత్తయ్య తాగి, "చల్లారబెట్టి ఇస్తావు, కోడలివేనా" అంటుంది. మొన్న వీడియోలో మాట్లాడాం గానీ తృప్తి లేదే. మీ హాస్టల్లో సిగ్నలు ఆగి ఆగి వస్తుంది. నీ ముఖం బొటనవేలంత. అది కూడా సగం నీ నుదురే.

వానలు పడకముందు అని అన్నాను, వానలొచ్చేస్తున్నాయి. సరే, వానల్లోనే రా.

గుండీ


హాస్టలు, మిషను గది
మే 30

గుండీ,

పార్సిలు వచ్చింది. వార్డెనమ్మ కోటు కుట్టాను. షిఫ్టు అయ్యాక, పసుప్పచ్చ బల్బు కింద, నాలుగు సాయంత్రాలు. ఇవాళ పొద్దున ఆవిడ అది వేసుకుని మెట్లు దిగి ఎండలోకి వచ్చింది. నల్ల కోటు మీద కుట్లన్నీ నీలంగా మెరిశాయి. మేడ మీంచి చూస్తున్న నాకే కనిపించాయి.

ఆవిడ అన్న మాటలు వదిలేయ్. తప్పు నాది కూడా. నువ్వు పంపిన దారాన్ని నేను ఏనాడూ తిప్పి చూడలేదు. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా నువ్వు రంగు తప్పలేదు. బూడిదలో ఏడు బూడిదలు విడదీసే మనిషివి. బట్ట ముక్క చేతిలో పట్టుకుని ఎండలోకి వెళ్లి, కొనేవాళ్లు విసుక్కున్నా పట్టించుకోకుండా, పోల్చి పోల్చి ఇచ్చేదానివి.

రీళ్లన్నీ ఎండలో పెట్టి చూశాను. ఒక ముడివి నాలుగు. రెండు నలుపు, రెండు నేవీ బ్లూ. మూడు ముడులవాటిలో ఒకటి ఆకుపచ్చ.

కథలు వద్దు. కరెంటు వద్దు, చుక్కలు వద్దు. ఏమైందో చెప్పు.

కత్తెర


మేడ మీద గది
జూన్ 14

కత్తెరా,

నాలుగుసార్లు మొదలుపెట్టి చెరిపేశా. అక్షరాలు ఎంత పెద్దవి చేసుకున్నానంటే ఫోనులో ఒకేసారి మూడు మాటలు పడుతున్నాయి. అందుకే ఏం రాశానో నాకే పూర్తిగా గుర్తుండదు, చెప్పిందే చెప్తే ఏమనుకోకు.

చుక్కలు లేవు. నీకు అబద్ధం చెప్పా. దీనికి చుక్కలూ లేవు, కళ్లజోడూ లేదట. జనవరిలోనే చెప్పింది డాక్టరమ్మ. చీకటేమీ అయిపోదట. చుట్టూ అంచుల్లో కనిపిస్తుంది, మధ్యలో పోతుంది. నడవొచ్చు, గుమ్మం దాటొచ్చు, మనిషి వచ్చినట్టు తెలుస్తుంది. ఎవరో తెలియదు. రంగులు ముందు పోతాయి, తర్వాత అక్షరాలు, తర్వాత ముఖాలు. ఏడాది అంది. తక్కువ కూడా కావచ్చు అంది.

నేను ఏడవలేదే. ఆటోలోనే లెక్క వేసుకున్నా, ఏం చెయ్యాలి, ఎలా సర్దాలి అని. రీళ్ల అడుగున రంగు నంబర్లు ఉంటాయి గానీ చీమ తలంత, సగం చీటీలు ఊడిపోయాయి. అందుకే ముడులు. ఎవరినీ పిలవకూడదనుకున్నా. బజారులో తెలిస్తే ఎదుటి పెద్ద కొట్టుకి పోతారు అందరూ. కళ్లు లేని మనిషి దగ్గర దారం ఎవరు కొంటారు? నేనైతే కొనను. గుట్టుగా, ఒక్కదాన్నే, మూడు నెలలకి పైగా కూర్చుని నాలుగు వందల ముప్పై రెండు రీళ్లకీ ముడులు వేశా.

ఈ పోతున్న కళ్లతోనే చూసి వేశానే. అది నాకు తట్టనే లేదు. నల్లది అనుకున్నదానికి ఒక ముడి, నీలం అనుకున్నదానికి రెండు. ఇప్పుడు ఏది సరైన ముడో ఏది తప్పు ముడో నాకే తెలీదు. వేళ్లు మాత్రం చాలా ధైర్యంగా ఉన్నాయి.

పెద్ద దర్జీ మళ్లీ వచ్చాడు. నలభై ప్యాంట్లలో పదిహేను నలుపు దారంతో కుట్టేశాడు, బడివాళ్లు తిప్పి పంపారు. నన్ను ఒక్క మాట అనలేదు. బల్ల మీద చెయ్యి ఆనించి, మెల్లిగా, "ఈసారి నేనే చూసి తీసుకుంటాలే తల్లీ" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన వెళ్లాక కొట్టు సగం తలుపు మూసేసి కింద కూర్చుండిపోయా.

నీకెందుకు చెప్పలేదంటే, చెప్తే పని మానేసి వచ్చేస్తావని. వచ్చేసి ఇద్దరం ఏం తింటాం? చెప్పినా రాకపోతేనో? అది ఇంకా భయమేసింది.

గుండీ


హాస్టలు, పై మంచం
జూన్ 25

ఓసి పిచ్చిదానా,

ఒక్కదానివే, గుట్టుగా! మా దగ్గర ఎంత మొనగాడు కుట్టినా తన పట్టీ తనే చెక్ చెయ్యకూడదు. తన కుట్టు తనకి సరిగ్గానే కనిపిస్తుంది కాబట్టి. రెండో మనిషి చూడాలి. అది రూలు. నీ రెండో మనిషిని నేనిక్కడ బతికే ఉన్నాను కదే?

తిట్టడం అయింది. ఇప్పుడు చెప్పినట్టు చెయ్యి.

ముడులన్నీ విప్పేయ్. నీలం, నలుపు, గోధుమ, అన్నీ. ప్రతి రీలు నుంచి జానెడు దారం కత్తిరించి, అట్ట మీద వరసగా అంటించు. అట్టకి ఇరవై. పక్కన నంబరు, పెద్దగా, స్కెచ్ పెన్నుతో. అదే నంబరు రీలు డబ్బా మీద. ఫోటోలు పంపకు, ఫోనుకి నలుపూ నీలమూ ఒకటే. అట్టలే పంపు. నేను పగటిపూట ఎండలో పెట్టి చూసి, ఏది ఏదో రాసి పంపుతా. అప్పుడు ముడులు వేసుకో. అత్తయ్యగారిని నంబర్లు గట్టిగా అరవమను, ఆ నోరు ఎందుకుంది మరి.

ఇక నేను దాచింది. ఫిబ్రవరిలోనే ఇంకో రెండేళ్లకి సంతకం పెట్టేశా. లైను ఇన్‌ఛార్జి పని. సొంత గది ఇస్తామన్నారు. అక్టోబరుకి వచ్చేస్తానని నువ్వు కుర్చీ వేసుకుని కూర్చున్నావని తెలిసి, చెప్పలేక, చూద్దాం అన్నాను. నువ్వు తయారవుతుంటే నేను ఇక్కడ కుదురుకుంటున్నా. రాస్తుంటే సిగ్గుగా ఉంది.

సెలవు నాలుగు రోజులే ఇస్తారట, అది కూడా ఈ ఆర్డరు పోయాక. రెండు బళ్లు మారి రావడానికి ఒకటిన్నర రోజు, పోవడానికి ఒకటిన్నర. మిగిలేది ఒక్కరోజు. ఒక్కరోజు కోసం వస్తే నిన్ను ఏడిపించి పోయినట్టు ఉంటుంది తప్ప ఏం లాభం అని ఆగుతున్నా. ముందు అట్టలు పంపు.

కత్తెర


కొట్టులో, గల్లా బల్ల దగ్గర
సెప్టెంబరు 20, మధ్యాహ్నం

కత్తెరా,

ఇరవై రెండో అట్ట జవాబు నిన్న వచ్చింది. అదే ఆఖరుది. రీళ్లన్నీ అయిపోయాయి.

విప్పేటప్పుడు రాయించుకున్న ముడుల లెక్కతో పోలిస్తే తొంభై ఒకటి తప్పని తేలింది. నువ్వు రాసిన రంగుల పేర్లు అత్తయ్య భూతద్దం పట్టుకుని చదువుతుంటే ఇద్దరం నవ్వలేక చచ్చాం. "పదిహేడు, ఇది నలుపు కాదు, తడిసిన బొగ్గు, అయినా నలుపు కిందే వేసేయ్." "రెండు వందల మూడు, తుప్పు పట్టిన గొళ్లెం, దీన్ని ఎవరు కొంటారే?" అని రాశావు చూడు, అది నాలుగేళ్లుగా ఎవరూ కొనట్లేదు. ముడులన్నీ ఇప్పుడు సరిగ్గా ఉన్నాయి. వేసినవన్నీ అత్తయ్య మళ్లీ తడిమి లెక్కపెడుతోంది, రెండో మనిషిని అంటూ. ఒకటి తప్పు దొరికితే ఆ రోజు ఇంట్లో పండగే.

బజారులో చెప్పేశా కూడా. పెద్ద దర్జీకే ముందు చెప్పా. ఆ పదిహేను ప్యాంట్లూ ఆయన పక్కనే కూర్చుని విప్పాను, కుట్లు విప్పడానికి వేళ్లు చాలుగా. ఆయన కసిరాడు. "ముందే చెప్తే నేనొచ్చి ముడులేసేవాణ్ణి కదా తల్లీ, యాభై ఏళ్లు కాజాలు కుట్టినవాడికి ముడెయ్యడం రాదా?" ఎదుటి కొట్టుకి ఇద్దరు వెళ్లారు. ఒకామె తిరిగొచ్చింది, అక్కడ అడిగినదానికి జవాబు చెప్పేవాళ్లు లేరట. నాకు వాగకుండా ఉండటం ఎప్పుడు చేతనైంది?

నీ సంతకం గురించి. కోపం వచ్చింది, మూడు రోజులు. తర్వాత నాలుగో రోజు కొట్టుకి వచ్చినవాళ్లందరికీ, "మా కత్తెర ఇన్‌ఛార్జి అయింది, సొంత గది ఇచ్చారు" అని చెప్పుకున్నా. ఆ గదికి కిటికీ ఉందా? రాయలేదు నువ్వు.

అంటే నాకు ఇప్పుడు నీతో పనేమీ లేదే. దారాలు అయిపోయాయి. మెట్లు, తాళాలు, స్టవ్వు, ఆసుపత్రి దారి, అన్నీ చేతికి వచ్చేశాయి. ఒక్కదానికే తయారు కాలేకపోతున్నా. ఆదివారం తువ్వాలు కట్టుకుని కూర్చుంటే జిప్పు దొరుకుతోంది, బకరం దొరుకుతోంది, నీ ముఖం దొరకట్లేదు. నీ కళ్లు గుర్తుకొస్తాయి. కోపమొచ్చినప్పుడు పళ్ల మధ్య సూది పట్టుకున్నట్టు పెట్టే మూతి వస్తుంది. నవ్వితే బుగ్గ మీద పడే గీత ఏ వైపో తెలియట్లేదు. మొత్తం ఒకటిగా రాదు. ఫోటో బయటికి తీశా, మనిద్దరం కొట్టు ముందు తీయించుకున్నది. నన్ను నేను గుర్తుపట్టా. నువ్వున్న చోట మసకే.

నేనేం గుండె దిటవు లేని దాన్ని కాదు, నీకు తెలుసు. మా ఆయన పోయినప్పుడు పదో రోజున కొట్టు తీసినదాన్ని. కానీ ఇది ముడి వేసి పెట్టుకునేది కాదు కదే. ఎన్నిసార్లు అనుకున్నా, ఇంకా అలవాటు అవ్వట్లేదు.

నువ్వు ఒక్కరోజే అని రాశావు, ఏడిపించి పోయినట్టు ఉంటుందని. ఏడిపించు. ఒక్కరోజు చాలు. పని పెట్టను, వంట పెట్టను, అత్తయ్య మోకాళ్ల కథ కూడా వినక్కర్లేదు. ఎదురుగా కూర్చో, కదలకు. మాట్లాడను కూడా. అబద్ధం, మాట్లాడతా, కానీ ముందు కాసేపు చూస్తా. ఒకటి మాత్రం చెప్పి ఉంచుతున్నా, నేను సూటిగా చూస్తే నువ్వు కనపడవు. తల పక్కకి తిప్పి, కంటి చివరతో చూడాలి. గోడ వైపు చూస్తున్నానని, నీ మాట పట్టించుకోవట్లేదని అనుకునేవు. నిన్నే చూస్తుంటా.

మొన్న డాక్టరమ్మని అడిగా. డిసెంబరు వరకు ఉంటుందా అంటే ఏమీ చెప్పలేనంది. నవంబరు అంటే తల ఊపింది. ఊపినట్టు తెలిసింది, అవునో కాదో కనిపించలేదు. మళ్లీ అడగలేదు.

రోజు చెప్పు. తేదీ చెప్పు. ఏ బండికి దిగుతావో చెప్పు, మలుపు దగ్గరే నిలబడి ఉంటా.

ఎప్పుడొస్తున్నావే?

గుండీ